పొగాకు కట్టడులు – మన పిల్లలు

నా బాల్యమున మా తాతగారు వీధి అరుగుపై కూర్చుండి చుట్ట చుట్టుకొనెడివారు. చుట్ట సిద్ధము కాగానే "ఒరే, నిప్పు తేరా" అని నన్ను కేకవేయుట వాడుక. నేను వంటయింటిలోనికి పోయి పొయ్యిలోని నిప్పుకణికను పిడకముక్కపై పెట్టుకొని, ఊదుకొనుచు తెచ్చెడివాడను. ఒకనాడు వారు చుట్టనే నా చేతికిచ్చి, పొయ్యివద్ద ముట్టించుకొని రమ్మనిరి. చుట్ట ముట్టవలెనన్న ఒక్క దమ్ము లాగక తప్పదు గదా. లాగితిని, దగ్గు వచ్చెను, కన్నుల నీరు క్రమ్మెను. తాతగారు చూచి కడుపుబ్బ నవ్విరి. అరుగుపై నున్న పెద్దలందఱును నవ్విరి. ఎవ్వరును నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఆ నవ్వే నాకు అనుజ్ఞ ఆయెను. అప్పటికి నాకు పదియేండ్లు నిండలేదు. ఆ పిమ్మట ఇరువదియెనిమిది సంవత్సరములు నేను పొగ త్రాగితిని.

మా యింటి ముచ్చట చెప్పుటకై నేను మీ యెదుటికి రాలేదు. పొగాకును అదుపులో పెట్టుటకు నాలుగు వందల యేండ్లుగా రాజులును ప్రభుత్వములును అనేకములైన కట్టడులు చేసిరి. వానిలో కొన్ని వీగిపోయెను, కొన్ని నిలిచెను. ఏవి యెందుచేత వీగిపోయెనో, ఏవి యెందుచేత నిలిచెనో చరిత్ర చెప్పుచున్నది. ఆ చరిత్రకును మా తాతగారి నవ్వునకును సంబంధము గలదు. దానిని చూపుటయే ఈ ప్రసంగమునకు ప్రయోజనము.

పొగాకు మన దేశపు మొక్క కాదు. అది అమెరికా ఖండమున పుట్టినది. 1492లో కొలంబసు ఆ దిక్కు తీరములు చేరిన పిమ్మట ఐరోపావారు ఈ ఆకును ఎఱిగిరి. పోర్చుగీసువారు ఓడలలో దీనిని మన పడమటి తీరమునకు తెచ్చిరి. అక్కడనుండి అది దక్కనులోనికి ప్రాకెను. అసద్ బేగ్ అను ఉద్యోగి అక్బరు పాదుషా పనిమీద బిజాపురమునకు పోయి, అంతకుముందు తానెన్నడును చూడని యీ పొగాకును అక్కడ చూచి, కొంత సేకరించుకొని, చక్కని పొగగొట్టమొకటి చేయించి, 1604-05 ప్రాంతమున ఆగ్రాలో పాదుషాకు కానుకగా సమర్పించెను. అక్బరు రెండు మూడు దమ్ములు లాగి చూచెను. ఆస్థాన వైద్యుడు అడ్డుపడి, మన వైద్యగ్రంథములలో దీని గుణము చెప్పబడలేదు గావున సేవింపరాదని వాదించెను. క్రొత్తది యనుటచేతనే దేనిని త్రోసివేయరాదని అసద్ బేగ్ ప్రతివాదము చేసెను. పాదుషా ఆ వాదమును మెచ్చుకొనెనే గాని, తాను మాత్రము పొగాకు అలవాటు చేసికొనలేదు. ఏమి లాభము? సభలోని ప్రభువులు తలకొకింత పుచ్చుకొనిరి. వర్తకులు అమ్మకము మొదలుపెట్టిరి. కొలది కాలములోనే అది పెద్ద వాడుక యైనది.

ఇక్కడ మీరొక విషయము గమనింపవలెను. పొగాకు ముందుగా పెద్దలకడకే వచ్చినది. పెద్దలు త్రాగగా చూచి పిన్నలు నేర్చిరి. నాటినుండి నేటివఱకు దాని నడక అదియే.

అక్బరు కుమారుడైన జహంగీరు, పొగాకు దేహమునకును స్వభావమునకును చెఱుపు చేయుచున్నదని తలచి, 1617లో ఎవ్వరును దానిని సేవింపరాదని ఉత్తరువు చేసెను. ఆ విషయమును తన ఆత్మచరిత్రమున తానే వ్రాసికొనెను. పారసీక దేశపు షా అబ్బాసు కూడ తన దేశమున దానిని నిషేధించియుండెను. అయితే జహంగీరు పారసీకమునకు పంపిన రాయబారి ఖాన్ ఆలమునకు గడియసేపైనను పొగ త్రాగక నిలువ వీలులేదు. సంగతి షా అబ్బాసు చెవిని పడెను. ఆయన ఏమి చేసెను? రాయబారి గొప్పవాడు గావున అతనికి మాత్రము అనుమతి నొసగెను! ఈ ముచ్చటను కూడ జహంగీరే వ్రాసెను. గొప్పవానికి ఒక ధర్మము, సామాన్యునికి ఒక ధర్మము ఐనపుడు ఉత్తరువు నిలుచునా? నిలువలేదు. ఆ శతాబ్దము గడవకముందే మన దేశమున పొగాకు ఊరూర అమ్ముడుపోవు వస్తువాయెను.

ఇంగ్లండు రాజు మొదటి జేమ్సు కథ ఇంకను విచిత్రమైనది. ఆయన 1604లో పొగాకును దూషించుచు ఒక చిన్న పుస్తకమును వ్రాసి ప్రకటించెను. కంటికి, ముక్కునకు, మెదడునకు, ఊపిరితిత్తులకు అది కీడు చేయునని అందు వ్రాసెను. ఆ సంవత్సరమే పౌనుకు రెండు పెన్నీలుగా నున్న సుంకముపై ఆఱు షిల్లింగుల ఎనిమిది పెన్నీలు అదనముగా విధించెను. కాని కొన్ని యేండ్లకు అమెరికాలోని వర్జీనియాలో ఆంగ్లేయుల వలస పొగాకు పంటచేతనే బ్రదుకసాగెను. దానిపై వచ్చు సుంకము బొక్కసమునకు తీపియైనది. 1619లో ఆ రాజే ఇంగ్లండు నేలమీద పొగాకు పండింపరాదని శాసించెను. ప్రజల యారోగ్యముకొఱకు కాదు, వర్జీనియా సరకుపై వచ్చు సుంకము తగ్గకుండుటకు. ఆకును తిట్టిన చేతితోనే ఆకుపై వచ్చు ధనమును అందుకొనెను. తురుష్క సుల్తాను నాల్గవ మురాదు 1633లో పొగ త్రాగినవారికి మరణదండన విధించెను. తలలు తెగెను గాని వాడుక తెగలేదు. ఆయన పోయిన పిమ్మట ఆ శాసనమును పోయినది.

ఈ కథలనుండి నేను గ్రహించినది ఇది. ఆకును అందఱకును ఒక్కసారిగా నిషేధించి, తమవారిని మాత్రము మినహాయించుకొనిన కట్టడి గాని, ఒక చేతితో వలదని మఱియొక చేతితో రాబడి తీసికొనిన కట్టడి గాని బలము గలది కాలేదు. కంచె చేను మేసినట్లైన చోట పైరు దక్కదు.

మన ఆంధ్రదేశమునకు కూడ ఈ ఆకు తొలి దినములలోనే చేరినది. 1618 మొదలు 1622 వఱకు మచిలీపట్టణమున నుండిన మెత్‌వోల్డ్ అను ఆంగ్ల వర్తకుడు గోలకొండ రాజ్యమును గూర్చి వ్రాసిన వృత్తాంతమున ఇచ్చటి పొగాకు ప్రస్తావన కలదు. కాలక్రమమున గోదావరి లంకల పొగాకు చుట్టలకు పేరు మోసెను. 1920 ప్రాంతమున గుంటూరు నల్లరేగడిలో వర్జీనియా పొగాకు సాగు మొదలాయెను. చేలగట్ల ప్రక్క బ్యారన్లు లేచెను. 1947లో రాజమహేంద్రవరమున పొగాకు పరిశోధన కేంద్రమును, 1976లో గుంటూరున పొగాకు బోర్డును వెలసెను. ఈ ఆకువలన పిల్లకు పెండ్లి చేసినవారు, మిద్దె కట్టినవారు, అప్పు తీర్చినవారు నా మాటలు వినువారిలో ఎందఱో యుందురు. నా చదువునకు సొమ్ము ఆ పంటవలననే వచ్చినది. కావున రైతును నిందించుటకు నాకు నోరు రాదు. కాని పంట మన పొలమున నుండవచ్చును. అది మన పిల్లవాని పెదవికి చేరవలెనను విధి యెక్కడను లేదు.

ఇంక బాలుర విషయము. చుట్టయు హుక్కాయు పెద్దవాండ్ర వాడుకలు. బలమైన ఘాటు గలవి గావున పసివాడు వానిని భరింపలేడు. సిగరెట్టు వచ్చి ఆ యడ్డును తొలగించెను. 1881లో బాన్‌సాక్ అను అమెరికావాడు సిగరెట్లు చుట్టు యంత్రమునకు హక్కుపత్రమును పొందెను. మనిషి దినమునకు రెండు మూడు వేలు చుట్టుట కష్టము కాగా, ఆ యంత్రము లక్షకు పైబడి చుట్టగలిగెను. సరకు గుట్టలుగా పడెను, కొనువారు కావలసివచ్చిరి. వెల తగ్గెను. ఇంగ్లండులో 1888లో వెలువడిన ఉడ్‌బైన్ అను సిగరెట్లు పెన్నీకి ఐదు చొప్పున అమ్ముడుపోయెను. పెన్నీ యనగా బాలుని చేతి చిల్లర. పెట్టెలలో రంగుబొమ్మల కార్డులు పెట్టిరి. బొమ్మలకొఱకు పిల్లలు ఎగబడిరి.

1899 మొదలు 1902 వఱకు దక్షిణాఫ్రికాలో జరిగిన యుద్ధమునకు సైనికులను ఎన్నుకొనునపుడు చాలమంది పడుచువాండ్రు దేహదార్ఢ్యము లేక త్రోసివేయబడిరి. ఆంగ్ల ప్రభుత్వము వెఱచి, విచారణసంఘమును నియమించెను. 1904లో ఆ సంఘము బాలురకు పొగాకు అమ్ముటను మాన్పవలెనని చెప్పెను. 1908లో చేసిన బాలల చట్టము పదునాఱేండ్లలోపు వానికి సిగరెట్లు అమ్మరాదని విధించెను; వీధిలో పొగ త్రాగుచున్న బాలునివద్దనుండి సిగరెట్లను లాగికొనుటకు పోలీసువానికి అధికార మొసగెను. మన దేశమున కూడ 1918లో పంజాబునందును, 1919లో వంగదేశమునందును బాలుర పొగత్రాగుడును గూర్చిన చట్టములు పుట్టినవి.

అయితే 1908నాటి చట్టమున ఒక సందు గలదు. పొగాకు దుకాణములో పనిచేయు బాలునకును, ఉద్యోగపు దుస్తులు ధరించి వార్తలు మోయు కుఱ్ఱవానికిని ఆ నిషేధము వర్తింపదు. పెద్దలకొఱకు కొనిపోవు కుఱ్ఱవాడు కొనవచ్చునని దాని భావము. ఈ మాట చదివినప్పుడు నేను కొంతసేపు పుస్తకమును మూసి కూర్చుంటిని. "నిప్పు తేరా" యను కేక అంత దూరపు చట్టమున కూడ వినిపించినది! బాలుడు త్రాగరాదు, పెద్దలకొఱకు మోయవచ్చును. మోసిన చేయి ఎన్నాళ్ళు ఊరకుండును?

ఈ కాలమువఱకు పొగాకు చెఱుపు చేయునని పెద్దలు ఊహించిరే గాని, లెక్కలతో నిరూపింపలేదు. నిరూపణ క్రమముగా వచ్చెను. మన ఉత్తర కోస్తా మండలములలో కొందఱు స్త్రీలు చుట్టను నిప్పు లోపలికి వచ్చునట్లు నోట పెట్టుకొని త్రాగుదురు. దానిని అడ్డపొగ యందురు. తల్లిని చూచి కూతురు నేర్చు వాడుక అది. ఖానోల్కర్, సూర్యాబాయి అను శాస్త్రజ్ఞులు అంగిటిపై లేచు పుట్టకురుపునకును ఈ వాడుకకును గల సంబంధమును 1945లోనే ప్రకటించిరి. 1950లో డాల్, హిల్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞులు లండను ఆస్పత్రులలోని రోగులను విచారించి, ఊపిరితిత్తుల పుట్టకురుపు గల 649 మంది పురుషులలో పొగ త్రాగనివారు ఇద్దఱే యని తేల్చిరి. 1964లో అమెరికా ప్రభుత్వపు ప్రధాన వైద్యాధికారి నివేదిక ఆ మాటనే స్థిరపఱచెను.

అంతవఱకు "నా పొగ నాది, నా ప్రాణము నాది" అనువారికి జవాబు చెప్పుట కష్టము. 1981లో ఆ జవాబు జపానునుండి వచ్చినది. హిరయామా అను వైద్యుడు తాము పొగ త్రాగని 91,540 మంది గృహిణులను పదునాలుగేండ్లు గమనించెను. భర్త యెక్కువగా పొగ త్రాగినకొలది భార్యకు ఊపిరితిత్తుల పుట్టకురుపు ముప్పు హెచ్చినదని ఆయన చూపెను. ఒకడు వదలిన పొగ ఇంకొకరి ఊపిరిలో చేరును. అట్లైనచో పొగ త్రాగుట త్రాగువాని సొంత సంగతి మాత్రమే కాదు, ప్రక్కవాని సంగతి కూడ. పొగ లేని తావులను ఏర్పఱచు కట్టడులకు ఈ యెఱుకయే పునాది.

మన దేశమున ఈ కట్టడుల వరుస ఇట్లున్నది. 1999 జూలైలో కేరళ హైకోర్టు బహిరంగ స్థలములలో పొగ త్రాగుటను నిషేధించెను. 2001 నవంబరు 2వ తేదీన సుప్రీముకోర్టు ఆస్పత్రులు, విద్యాలయములు, గ్రంథాలయములు, కచేరీలు, బస్సులు, రైళ్ళు మొదలగు వానియందు పొగ కూడదని దేశమంతటికిని ఆదేశించెను. 2003లో పార్లమెంటు పొగాకు చట్టమును చేసెను. పదునెనిమిదేండ్లు నిండనివానికి పొగాకు అమ్మరాదనియు, విద్యాలయమునకు నూఱు గజములలోపల ఎవ్వరికిని అమ్మరాదనియు దాని విధులు. 2008 అక్టోబరు 2వ తేదీన, అనగా గాంధీజీ జన్మదినమున, బహిరంగ స్థలముల నియమములు అమలులోనికి వచ్చెను. వానిలో నాకు మిక్కిలి నచ్చినది ఒకటి గలదు. ఆ స్థలమునకు యజమానియో, అధికారియో ఎవడు కలడో వానిదే బాధ్యత. అతడు హెచ్చరిక పలకను కట్టుటయే గాక, బూడిదపళ్ళెములు గాని అగ్గిపెట్టెలు గాని అక్కడ అందింపకుండ చూడవలెను. త్రాగువానిని పట్టుకొనుట తరువాతి మాట. నిప్పు నందించు చేతిని ముందు ఆపుమని ఆ నియమము చెప్పుచున్నది.

2015నాటి బాలన్యాయ చట్టము మఱింత కఠినమైనది. వైద్యుని ఉత్తరువు లేక బాలునకు పొగాకు ఇచ్చినను, ఇప్పించినను ఏడు సంవత్సరములవఱకు కఠిన శిక్షయు, లక్ష రూపాయలవఱకు జుల్మానాయు విధింపవచ్చును. 2019లో ఎలక్ట్రానిక్ సిగరెట్లు అను క్రొత్త యెరను కూడ దేశమున నిషేధించిరి.

ఈ కట్టడులు రాజుల నాటి శాసనములవంటివి కావు. ఇవి పెద్దవాని చేతిలోని చుట్టను లాగికొనుటలేదు. నలుగురు కూడు చోట వలదనుచున్నవి, పసివానికి వలదనుచున్నవి. కోరిక తక్కువ, న్యాయము ఎక్కువ. కావున ఇవి నిలుచుచున్నవి. 2009లో మన దేశమున పదుమూడు మొదలు పదునైదేండ్లవఱకు గల విద్యార్థులలో నూటికి 14.6 మంది పొగాకు వాడినట్లు తెలియగా, 2019లో ఆ సంఖ్య 8.5కు దిగెను. ఈ తగ్గుదలకు చట్ట మొక్కటే కారణమని నేననను; పెట్టెలపై హెచ్చరిక బొమ్మలు, బడులలో బోధనలు, వెలల పెరుగుదలయు తోడైయుండును.

కాని ఆ 2019నాటి విచారణలోనే ఇంకొక లెక్క గలదు. బీడీ త్రాగు పిల్లలలో నూటికి 47 మంది పదవ జన్మదినము రాకముందే మొదలుపెట్టిరట. పది యేండ్లలోపు పిల్లవాడు ఎక్కడ నుండును? సినిమాహాలులో కాదు, కచేరీలో కాదు. ఇంటిలో నుండును, అరుగుపై నుండును, రచ్చబండ ప్రక్క నుండును. ఢిల్లీలో చేసిన చట్టము మన యింటి గడపవఱకే వచ్చి నిలుచును. సొంత యింటి అరుగునకు ఏ ప్రభుత్వమును పలక కట్టదు. అక్కడ అధికారి ఎవరు? బాధ్యత యెవరిది? 2008నాటి నియమము చెప్పినట్లు, ఆ స్థలమునకు పెద్ద యెవరో వారిదే.

గురజాడ అప్పారావుగారు 1897లో ముద్రించిన కన్యాశుల్కమును మీలో చాలమంది చదివియుందురు; నాటకముగా చూచియుందురు. గిరీశము వెంకటేశమునకు చదువు చెప్పుచున్నానని చెప్పుకొనును. శిష్యునకు అబ్బిన విద్య మాత్రము చుట్ట కాల్చుట. మనము నవ్వుదుము. నవ్వవలసినదే, కాని ఆ గిరీశము మన యిండ్లలో బంధువు రూపమున, స్నేహితుని రూపమున, ఒక్కొక్కప్పుడు తాత రూపమున కూర్చుండియున్నాడని మఱవరాదు. మా తాతగారు దుర్మార్గులు కారు. నన్ను ప్రాణముగా చూచుకొనిరి. పొగ నాకు నేర్పవలెనని వారెన్నడును అనుకొనలేదు. నిప్పు తెమ్మనిరి, అంతే. నేను దగ్గగా నవ్విరి, అంతే. ఆ కాలమున వారికి డాల్, హిల్ లెక్కలు తెలియవు. మనకు తెలియును. తెలిసియు మనము ఆ నవ్వునే నవ్వినచో మనకు క్షమ లేదు.

అయ్యలారా, ముదిమియందు చుట్ట మానుట యెంత కష్టమో నేనెఱుగుదును. ఇరువదియెనిమిదేండ్ల వాడుకను విడుచుటకు నాకు మూడుసార్లు ఒట్టు పెట్టుకొనవలసివచ్చెను, రెండుసార్లు తప్పితిని. కావున మీరందఱును రేపే మానుడని నేను బోధింపను. మానగలిగినవారు ధన్యులు. మానలేనివారిని మూడు చిన్న కట్టడులు మాత్రము కోరెదను. పిల్లవానిని చుట్టకై గాని, బీడీకై గాని, నిప్పునకై గాని పంపకుడు. లేచిపోయి మీరే తెచ్చుకొనుడు. పిల్లలు ఉన్న గదిలోను, వారు మూగు అరుగుపైనను పొగ త్రాగక, పెరటివైపునకు పోవుడు. బడికి నూఱు గజములలోపల మన ఊరి బడ్డీకొట్టు ఉన్నచో, అతడు మనవాడే గదా యని ఊరకుండక, పంచాయతీలో కూర్చుండబెట్టి మంచిమాటలతో దానిని జరిపించుడు. అతని జీవనము చెడకుండ వేఱొక తావు చూపుటయు మన పనియే.

మా యింటి అరుగు ఇప్పటికిని ఉన్నది. తాతగారు ఆనుకొని కూర్చుండిన స్తంభమునకు వారి తల నూనె మరక ఇంకను పోలేదు. నా మనుమడు అక్కడనే కూర్చుండి చదువుకొనును. వానికిప్పుడు తొమ్మిదేండ్లు. మొన్న మా యింటికి వచ్చిన చుట్టమొకరు జేబులోనుండి బీడీ తీసి, వానివైపు చూచి "అగ్గిపెట్టె తేరా బాబూ" అనిరి. వాడు లేవబోయెను. నేను వాని భుజముపై చేయి వేసి కూర్చుండబెట్టి, చుట్టముగారిని పెరటిలోనికి తోడుకొనిపోయితిని. ఆయనకు కొంచెము కోపము వచ్చెను. పోనిండు, భోజనమువేళకు చల్లారెను.